ట్రాలీకి వెళ్ళాల్సిన పిల్లలు

"ఆ సీసా అక్కణ్ణించి తియ్యమని చెప్పానా లేదా?"

"కొబ్బరినూనె గడ్డకట్టింది. కరగాలిగా మరి."

"హాల్లో రేడియేటర్ మీదే కరగాలా? ఇంత ఇంట్లో ఇంకెక్కడా వెచ్చదనం లేదా?"

చక్రధర్ సీసా తీసుకెళ్ళి వంటింటి ప్రెస్‌లో పెట్టి తలుపు వేశాడు. అల్మరా అన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడో పోయింది. ఐర్లండ్‌లోని ఈ లిమరిక్ వచ్చిన ఏడాదికే అందరిళ్ళల్లోలాగా అదీ ప్రెస్ అయిపోయింది.

కిరణ్మయి వంకాయలు కోస్తున్న కత్తి పక్కన పెట్టింది. చెయ్యి తుడుచుకుని, ప్రెస్ తెరిచి, సీసా తీసుకెళ్ళి మళ్ళీ రేడియేటర్ మీదే పెట్టింది. వచ్చి కత్తి చేత పట్టుకున్నాక అంది.

"నాలుగేళ్ళుగా అది అక్కడే ఉంటోంది. ఇన్నాళ్ళూ మీ కంటికి ఆనలేదు."

"ఇన్నాళ్ళూ డాక్టరుగారు మనింటికి భోజనానికి రాలేదు."

"ఎందుకు రాలేదు? ఉగాదికి వచ్చారుగా. ఆ సీసా పక్కనే తడిసిన కోటు ఆరేసుకున్నారు."

"అప్పటి సంగతి వేరు కిరణ్."

వేరే మరి. అప్పటికి ఆ నూనె ఈ ఇంటి గడప దాటలేదు.

మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న ఆమని తలెత్తకుండానే, "ఇట్స్ ఎ బాటిల్. జస్ట్ ఎ బాటిల్," అంది. పదకొండేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం లిమరిక్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది.

"నువ్వు పైకెళ్ళు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ వారంలో వాళ్ళిద్దరూ ఏకమైన మాట అదొక్కటే.

చక్రధర్ గొంతు తగ్గించాడు. "చూడు, ఒంటిగంటకి వాళ్ళొస్తారు. ఆయన చెప్పేది విను, సరే అను. రేపు సాయంత్రం గోల్ఫ్ క్లబ్బు కమిటీ మీటింగుకి నువ్వు వెళ్ళక్కర్లేదు. 'ఆవిడ తెలియక చేసింది, ఇకమీదట రాదు' అని నీ తరఫున ఆయనే చెప్తారు. అక్కడితో అయిపోతుంది."

"తెలియక చేశానా నేను?"

"పోనీ, తెలిసే చేశావా?"

వారం నుంచీ కిరణ్మయి తనని తాను అడుగుతున్న ప్రశ్న అదే.

చూపించి నేర్పాలి, ముట్టుకోకూడదు. క్లబ్బులో పిల్లలతో పనిచేసే పెద్దవాళ్ళకి మొట్టమొదట చెప్పే మాట అది. పాత కేసులేవీ లేవని పోలీసు తనిఖీ అయ్యాక ఒక పూటంతా కూర్చోబెట్టి మరీ చెప్పారు. కిరణ్మయి బుద్ధిగా విని తలూపింది కూడా. షానన్ నదికి అవతల ఒడ్డున, తక్కువ అద్దెకి కౌన్సిల్ ఇచ్చే ఇళ్ళ నుంచి శనివారం శనివారం మినీబస్సులో దిగే ఆడపిల్లలకి ఎప్పుడూ చెయ్యి పట్టుకుని నేర్పలేదు. వాళ్ళందరూ హాకీలాంటి హర్లింగ్ ఆట ఆడి పెరిగిన పిల్లలు. గోల్ఫ్ కర్రని కూడా హర్లింగ్ కర్రలాగే, బలమైన చెయ్యి పైకి వచ్చేట్టు పట్టుకుంటారు. కోచ్ నోయెల్ ఎదురుగా నిలబడి తన చేతులు మార్చి మార్చి చూపిస్తాడు. కిరణ్మయి అతని పక్కన నిలబడి అలాగే చూపించేది.

పోయిన శనివారం గాలి విపరీతంగా ఉంది. కీవా అనే పిల్ల బంతిని గుంటలోకి నెట్టబోయినప్పుడల్లా జుట్టు కళ్ళలో పడుతోంది. జడ వేస్తాను రమ్మని కిరణ్మయి పిలిచింది. క్లబ్ వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి పాయ తీసేసరికి తల నిండా పేలు. కారులో నూనె ఉంది, పేల దువ్వెన ఉంది. కూతురి కోసం కొన్నవే. ఏలూరులో అరుగు మీద కూర్చుని పక్కింటి పిల్లకి చూసినట్టే చూసింది. ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. చుట్టూ బల్లల దగ్గర మెంబర్లు కాఫీలు తాగుతున్నారు. జుట్టు ముట్టుకోవడం కూడా ముట్టుకోవడమేనని అప్పుడు ఆమెకి తట్టలేదు.

సోమవారం నోయెల్ ఫోన్ చేశాడు. కీవా తల్లి ఫిర్యాదు చేసిందట. కమిటీ తేల్చేదాకా శనివారాలు ఆపేశారు.

ఎప్పుడు ఆపుదామా అని చూసేవాళ్ళు ఆ కమిటీలో ముందునుంచీ ఉన్నారు. పిల్లలు గడ్డి పాడు చేస్తున్నారని ఒకరు, గోల చేస్తున్నారని ఒకరు. వాళ్ళకి దొరకని సాకు కిరణ్మయి చేతులారా అందించింది.

"నేను మానేస్తే పిల్లల్ని రానిస్తారా?" అని అడిగింది.

"అది వాళ్ళ ఇష్టం."

"డాక్టరు అన్నయ్యగారు ఏమన్నారు?"

"ఊరి బయట డ్రైవింగ్ రేంజి ఉందిగా, అక్కడ బంతులు కొట్టుకోవచ్చన్నారు. అదీ గోల్ఫేగా."

"వచ్చే శనివారం ట్రాలీ ఊళ్ళో జూనియర్ల పోటీ. క్లబ్బు పేరు లేకపోతే వాళ్ళని ఆడనివ్వరు. రేపు కమిటీ వద్దంటే అంతే సంగతులు. వేసవి నుంచీ ఆ ఒక్కరోజు కోసం ఆడుతున్నారు వాళ్ళు."

"ఎవరి పిల్లలో ట్రాలీ వెళ్ళకపోతే మనింట్లో పొయ్యి వెలగదా?"

అన్నాక అతనికే ఆ మాట బాగాలేనట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను సరదాకి అడగట్లేదు కిరణ్. కాలిఫోర్నియా నుంచి మా ఆఫీసు పెద్దాయన వచ్చినప్పుడు నలుగుర్ని తీసుకుని ఆ క్లబ్బుకే వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కొత్త టీము ఎవరికివ్వాలో తేలిపోయింది. నేను ఆ పూటంతా డెస్క్ దగ్గర కూర్చుని వాళ్ళ పని చేశా. రేపు అదే మీటింగులో నా మెంబర్‌షిప్ కూడా వస్తోంది. డాక్టరుగారు నా పేరు ప్రతిపాదిస్తున్నారు. అదే బల్ల మీద నీ పేరూ నా పేరూ పక్కపక్కన ఉంటాయి. అర్థమవుతోందా?"

అర్థమవుతోంది. అందుకే ఆమెకి కోపం కూడా సరిగ్గా రావడం లేదు. అతను అబద్ధం చెప్పడం లేదు. టీము పోయిన రోజు రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

కిరణ్మయి ఫ్రిజ్ తెరిచి చూసింది. "పెరుగు చాలదు. వదినగారికి పెరుగు లేనిదే భోజనం అయినట్టుండదు. తెస్తాను."

"ఇప్పుడా?"

"వంకాయ మగ్గేలోపు వచ్చేస్తా. మంట తగ్గించాను, ఓ కంట కనిపెట్టండి. ఆమనీ, కోటు వేసుకో."

* * *

వాన సన్నగా పడుతోంది. పెరుగు కొని కారెక్కాక కిరణ్మయి ఇంటివైపు కాక వంతెన వైపు తిప్పింది.

"ఇల్లు అటు," అంది ఆమని ఇంగ్లీషులో.

"కీవా వాళ్ళిల్లు నీకు తెలుసుగా. పుట్టినరోజుకి వెళ్ళావు."

"నో. నో వే, అమ్మా."

"దారి చూపించు చాలు. కార్లోనే కూర్చో."

ఆమని కిటికీ వైపు తిరిగింది. వంతెన దాటేదాకా వైపర్ల చప్పుడే. తర్వాత, అద్దంతో చెబుతున్నట్టు, "స్కూల్లో నన్ను ఏమని పిలుస్తున్నారో నీకు తెలుసా?" అని అడిగింది.

"ఏమని?"

"డజంట్ మేటర్."

కిరణ్మయి రెట్టించలేదు. అడిగితే చెప్పదు. అడగకపోతే పట్టించుకోలేదంటుంది. ఈ వయసు పిల్లతో ఏది చేసినా తప్పే.

ఆగస్టులో లిమరిక్ హర్లింగ్ కప్పు గెలిచినప్పుడు కట్టిన ఆకుపచ్చ జెండాలు ఆ వీధుల్లో ఇంకా వేలాడుతున్నాయి. వానలకి రంగు వెలిసి, చివర్లు పీలికలయ్యాయి. ఒక మలుపు దగ్గర ఆమని, "లెఫ్ట్," అంది. కాసేపటికి, "ఆ తెల్ల తలుపు."

కిరణ్మయి దిగి గంట నొక్కింది. వెనకాల కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఆమని వచ్చి, ఒక అడుగు దూరంలో, ఎవరో అన్నట్టు నిలబడింది.

తలుపు సగమే తెరుచుకుంది. వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్ళు వేసుకునే నీలం చొక్కాతో, నిద్ర చాలని కళ్ళతో ఒకావిడ.

"మజెల్లాగారేనా? కీవా వాళ్ళ అమ్మగారు?"

"అవును. మీరెవరో నాకు తెలుసు."

తలుపు ఇంకా సగం దగ్గరే ఉంది. వంతెన మీద కూడగట్టుకున్న ఇంగ్లీషు వాక్యాలు కిరణ్మయికి వరస తప్పాయి.

"క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాను. మా దేశంలో, పక్కింటి పిల్లయినా సరే—"

"మీ దేశం సంగతి నేనడిగానా?"

కిరణ్మయి చూపు గడప మీదికి దిగింది.

"నా పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది," అంది మజెల్లా. "నూనె తల, రెండు జడలు, ఒళ్ళంతా కొబ్బరి వాసన. 'మామ్, పోయాయి, అన్నీ పోయాయి' అంది. ఎంత సంబరంగా చెప్పిందో. వినడానికి నాకెలా ఉందనుకున్నారు? రాత్రి డ్యూటీ చేసి వచ్చి, మందు పెట్టి, రెండుసార్లు దువ్వాను దాని తల. స్కూలు నుంచి మళ్ళీ అంటించుకొచ్చింది. దానికి తల్లి లేదనుకున్నారా?"

"అనుకోలేదు."

"పేలు మా వీధిలోనే పుడతాయనుకున్నారా?"

"లేదు. మా అమ్మాయికీ వచ్చాయి."

వెనకనుంచి, "మామ్," అన్న మాట పళ్ళ మధ్య నుంచి వచ్చింది. ఇంట్లో అమ్మా అని పిలిచే పిల్ల ఆ ఒక్కసారి ఊరి పిల్లల్లాగే పిలిచింది. మజెల్లా అప్పుడు చూసింది ఆమనిని.

"నీక్కూడానా?"

ఆమని చెవులు ఎర్రబడ్డాయి. తలూపింది.

మజెల్లా చూపు మళ్ళీ కిరణ్మయి మీదికి వచ్చింది. "మీ అమ్మాయికి ఎక్కడ కూర్చోబెట్టి దువ్వారు?"

"మా ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడ?"

"బాత్రూంలో."

"తలుపు వేసుకునా, తెరిచా?"

వాన చినుకులు కిరణ్మయి కళ్ళజోడు మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. వారం రోజులుగా తను చెప్పుకుంటున్న కథలో ఏలూరు అరుగు ఉంది, పక్కింటి పిల్ల ఉంది. సొంత కూతురి దగ్గర మాత్రం అరుగు గుర్తు రాలేదు.

"వేసుకునే," అంది.

"నా పిల్లకి అందరూ కాఫీలు తాగే చోట."

"అవును."

ఇంకే మాటా కలపలేదు. కలిపితే అది మళ్ళీ మా దేశంలో అనే మొదలవుతుందని ఆమెకి తెలిసిపోయింది.

ఎదురింటి కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది.

"మీరు ఫిర్యాదు చెయ్యడంలో న్యాయం ఉంది," అంది కిరణ్మయి చివరికి. "రేపు కమిటీ ముందు ఏమడిగినా ఒప్పుకుంటాను. నన్ను మానిపించినా సరే. పిల్లల్ని ట్రాలీ పంపడానికి అభ్యంతరం లేదని మీరు ఒక్క మాట అంటే—"

"ఏ ఫిర్యాదు?"

"మీరు చేసినదే. శనివారాలు ఆపేసింది దాని వల్లేగా."

"ఆపేశారా?" మజెల్లా తలుపు పట్టుకున్న చెయ్యి తీసింది. తలుపు దానంతటదే ఇంకాస్త తెరుచుకుంది. మెట్ల మీద కీవా కూర్చుని ఉంది, పొట్టి గోల్ఫ్ కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని. "గ్రౌండులో నీళ్ళు నిలిచాయని మెసేజ్ పెట్టారు మాకు."

"నేను చెప్పానా మామ్, అక్కడ నీళ్ళు నిలవవని," అంది కీవా. "కొండ మీద ఉంటుంది అది. ఎలా నిలుస్తాయి?"

"నువ్వుండు." మజెల్లా గొంతు మారింది. ఇందాకటి కోపం కిరణ్మయిని దాటి ఇంకెక్కడికో వెళ్తోంది. "నాకు ఒళ్ళు మండిన మాట నిజం. మా అక్కతో చెప్పుకున్నా. కానీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చెయ్యడమా? నా బిడ్డ తలలో పేలున్నాయని ఆ క్లబ్బుకి నేనే వెళ్ళి చెప్పుకుంటానా? నా పేరు చెప్పి ఆపారా వాళ్ళు?"

"నాతో అలాగే అన్నారు."

"మరి ఎవరు చెప్పారు?"

"నాకు తెలీదు."

మజెల్లా పక్కకి జరిగింది. "లోపలికి రండి. వానలో నిలబడి తేల్చే విషయం కాదిది."

* * *

ఒంటిగంట దాటింది. బల్ల మీద గుత్తివంకాయ, ముద్దపప్పు, చారు, గుమ్మడి వడియాలు. వంకాయ ఒకపక్క అడుగంటింది. చక్రధర్ కనిపెట్టింది మంటని కాదు, గడియారాన్ని.

"ఈ దేశంలో ఇలాంటి వంకాయ తిని ఎన్నాళ్ళయిందమ్మా," అన్నారు డాక్టర్ మధుసూదనరావు. గుంటూరులో చదువుకుని, ఇరవై ఏళ్ళుగా ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మనిషి. క్లబ్బు కమిటీలో ఉన్న ఒకే ఒక్క తెలుగువాడు. కిరణ్మయిని పిల్లల పనికి రమ్మని పిలిచింది కూడా ఆయనే.

"మాడింది అన్నయ్యగారూ. మర్యాదకి అనకండి."

"మాడిందే బాగుంటుంది," అంది ఆయన భార్య శాంత. "కిరణ్మయి చేతిలో ఏదో ఉంది. పిల్లలు కూడా అందుకే వరసలో నిలబడ్డారు." నవ్వింది. "నీ ప్రేమ నీకుండచ్చు గానీ తల్లీ, ఆ కుర్చీల్లో రేపు మేం కూర్చోవద్దూ?"

చక్రధర్ కూడా నవ్వాడు. ఆలస్యంగా నవ్వి, ముందే ఆపేశాడు.

ఆమని కంచంలో పప్పన్నం మధ్య గుంట చేసి నెయ్యి నిలవేస్తోంది. తినడం లేదు.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "రేపటి సంగతి మాట్లాడుకుందాం. నేనీ క్లబ్బులో చేరిన కొత్తలో బార్‌లో ఒకాయన నన్ను చూసి, ఆ గ్లాసులు తియ్యవయ్యా అన్నాడు. తీశాను. పనివాణ్ణి కాదని చెప్పలేదు. తర్వాత్తర్వాత ఆయనే నన్ను కమిటీకి నిలబెట్టాడు. ఆ రోజు నేను పౌరుషానికి పోయుంటే ఈరోజు చక్రి పేరు చెప్పడానికి అక్కడ ఎవరుండేవారు? కొన్నిటికి తల వంచాలమ్మా. నీ తరఫున నేను మాట్లాడతాను. పిల్లలు డ్రైవింగ్ రేంజిలో ఆడుకుంటారు. అందరి పరువూ దక్కుతుంది."

ఆయన దురుద్దేశంతో అనడం లేదు. ఆ గ్లాసులు తీసిన చెయ్యి ఎలాంటిదో ఊహించుకుంటే కిరణ్మయికి ఆయన మీద జాలి కూడా వేసింది. జాలితో పాటు ఇంకేదో కూడా.

"అన్నయ్యగారూ, ఫిర్యాదు ఎవరు చేశారు?"

"పిల్ల తల్లి. తెలిసిందేగా."

"మీతో ఎవరన్నారు?"

"సెక్రటరీ."

"ఆవిడ చెయ్యలేదు. నేనిప్పుడే వాళ్ళింటి నుంచి వస్తున్నాను."

చక్రధర్ చేతిలో గరిటె ఆగింది. "పెరుగుకని వెళ్ళావు."

"పెరుగూ తెచ్చాను."

కిరణ్మయి గిన్నె శాంత ముందుకి జరిపింది. శాంత వడ్డించుకోలేదు. గిన్నె వైపే చూస్తోంది.

డాక్టరుగారు ముందు కిరణ్మయిని చూశారు, తర్వాత భార్యని. ఆ రెండో చూపులో ప్రశ్న కన్నా భయం ఎక్కువ ఉంది.

"శాంతా?"

"అదేం ఫిర్యాదు కాదు," అంది శాంత. గొంతు పీలగా వచ్చింది. "క్లబ్బు కెప్టెన్ భార్య పక్క బల్ల దగ్గరే కూర్చుంది. అంతా చూస్తోంది. మనల్ని ఏమనుకుంటోందో అని నాకు ప్రాణం పోయింది. వాళ్ళు ఏదైనా అనేలోపు మనమే ఓ మాట అనేస్తే మర్యాదగా ఉంటుంది కదా అని, మావాళ్ళ అలవాట్లు ఇంతే, ఏమీ అనుకోకండి, పిల్ల తల్లి గొడవ చేస్తుందేమో చూసుకోండి అన్నాను. అంతే. చేస్తుందేమో అన్నాను. చేసిందని అన్లేదు."

"అడక్కుండానే సారీ చెప్పావా?" అన్నారు డాక్టరుగారు మెల్లిగా.

"ఇరవై ఏళ్ళ నుంచీ మీరు చేస్తున్నదేగా. మీ దగ్గరే నేర్చుకున్నా."

వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటున్న చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు గమనించింది కిరణ్మయి. శాంత మాట్లాడుతున్నంతసేపూ బల్ల చుట్టూ ఉన్న అందరూ ఆమెనే చూశారు, ఆమనితో సహా. చక్రధర్ ఒక్కడే చూడలేదు. వడియం ముక్కలు చేసి కంచం అంచున పేరుస్తున్నాడు.

"మీకు ముందే తెలుసు," అంది.

అతను వడియం వదిలేశాడు. "గురువారం డాక్టరుగారి కోసం వెళ్తే ఆయన ఇంకా రాలేదు. శాంతగారు చెప్పారు, బాధపడుతూ. నీకు చెప్తే నువ్వు ఊరుకోవు. ఊరుకోవని తెలిసే చెప్పలేదు."

"గురువారం నుంచీ పిల్ల తల్లి ఫిర్యాదు, పిల్ల తల్లి ఫిర్యాదు అని నాతో అంటూనే ఉన్నారు."

"అన్నాను."

"ఇందాక నూనె సీసా దగ్గర అరిచినప్పుడు కూడా మీకు తెలుసు."

చక్రధర్ తలూపాడు. అందులో తప్పించుకునే ప్రయత్నం లేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా అనిపించింది.

డాక్టరుగారు తేరుకున్నారు. "సరే. ఎవరు ముందన్నారు, ఎవరు తర్వాతన్నారు అనేది ఇప్పుడు అనవసరం. నువ్వు చేసింది నియమానికి విరుద్ధమే కదమ్మా?"

"విరుద్ధమే."

"తప్పేగా?"

"తప్పే. మీరనుకుంటున్న తప్పు కన్నా పెద్దది. ఈరోజే తెలిసింది నాకు."

"మరింకేం. నేను చెప్పినట్టే చేద్దాం. చక్రీ, నువ్వేమంటావు?"

"కిరణ్ రాదు సార్," అన్నాడు చక్రధర్. కంచంలోకి చూస్తూనే అన్నాడు. "మీరనుకున్నట్టే చెప్పండి."

బల్ల దగ్గర ఊపిరి కాస్త ఆడింది. శాంత పెరుగు గిన్నె వైపు చెయ్యి చాపింది.

"నేను వస్తున్నాను," అంది కిరణ్మయి.

గొంతు పెంచలేదు. ఆమని ముందున్న కంచంలో చల్లారిన పప్పన్నం తీసేసి, వేడిగా ఇంకాస్త వడ్డిస్తూ చెప్పింది, రేపటి వంట గురించి చెబుతున్నట్టు.

"రేపు సాయంత్రం క్లబ్బుకి వస్తాను అన్నయ్యగారూ. నేను చేసింది నేనే చెప్పుకుంటాను. మా అలవాటని అనను, తెలియదని అనను. వదినగారి పేరు నా నోట రాదు. కానీ ఆ తల్లి ఫిర్యాదు చేసిందన్న మాట మాత్రం ఆ బల్ల మీద ఉండనివ్వను. ఆ సంగతి ఆవిడే చెప్తుంది. డ్యూటీ మార్చుకుంది. ఇంటికెళ్ళి కార్లో ఎక్కించుకుని నేనే తీసుకొస్తున్నాను."

"చక్రి పేరు కూడా రేపే వస్తోందమ్మా. అది గుర్తుందా?"

"ఉంది."

"నా చేతుల్లో ఉండదు తర్వాత."

"తెలుసు."

చక్రధర్ తలెత్తాడు. ఆ పూట మొదటిసారి సూటిగా ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఆ చూపుని తప్పించుకోలేదు, నిలబెట్టుకోనూ లేదు. గరిటె గిన్నెలో పెట్టింది.

డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "నువ్వనుకున్నంత తేలిక కాదు. ఆవిణ్ణి లోపలికే రానివ్వరు. కమిటీ గదిలోకి మెంబర్లు తప్ప ఎవరూ రాకూడదు."

"నేనూ మెంబర్ని కాదు కదా అన్నయ్యగారూ," అంది కిరణ్మయి. "ఇద్దరం గుమ్మంలోనే నిలబడి చెప్తాం. తలుపు మాత్రం తెరిచి ఉంచమనండి."